ఆ గడిలో ఎవరి పేరు రాయాలి?

కేంద్ర గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖల సహాయ మంత్రి
డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,



పథకం పేరు ఎన్నిసార్లు మారినా మా అనంతపురం పల్లెల్లో దాన్ని ‘కరువు పని’ అనే అంటారు. 2005లో చట్టమైనప్పుడు అది జాతీయ గ్రామీణ ఉపాధి హామీ. 2009లో దానికి మహాత్మా గాంధీ పేరు చేరింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టంతో ‘వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్’ అయింది. మా అమ్మ మాత్రం తెల్లారకముందే సద్ది కట్టుకుని, పార భుజానేసుకుని, ‘కరువు పనికి పోతాండా, కోళ్ళను చూసుకో’ అని చెప్పి బయల్దేరేది.

ఆ పేరు ఊరికే రాలేదు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన కరువు రాయలసీమను ఊడ్చిపెట్టింది. అప్పటి తెల్లదొరల ప్రభుత్వం రోడ్ల మీదా, కాలువల మీదా జనం చేత పని చేయించి కూలి ఇచ్చింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, ఆ కూలి కూడా ఎక్కువైందని రోజుకు ఒక పౌండు ధాన్యం లెక్కకు దించాడు. తర్వాత వచ్చిన కరువుల్లోనూ ఏదో ఒక పని పెడుతూ వచ్చారు. పెట్టినప్పుడు చేశాం, ఆపినప్పుడు బెంగుళూరు బస్సెక్కాం. 2005 చట్టం గొప్పతనం ఇక్కడే ఉంది. అడిగినవాళ్ళకు 15 రోజుల్లో పని చూపించాలి, చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, చేసిన పనికి 15 రోజుల్లో కూలి ముట్టాలి అని రాసిపెట్టింది. కరువు పని మొదటిసారి హక్కయింది. 2006 ఫిబ్రవరి 2న దాని అమలు మొదలైంది కూడా మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా. ఆ రోజు మా ఊరి నుంచి ట్రాక్టర్లలో జనం పోయారు. రాత్రికి తిరిగొచ్చి, ‘ఇంక పని అడిగితే ఈయాల్సిందేనంట’ అని రచ్చబండ దగ్గర చెప్పుకున్న మాట నాకింకా గుర్తుంది.

ఈ ఉత్తరం మీకే రాయడానికి కారణం ఉంది. మీరు గుంటూరు ఎంపీ. మస్టరు, మేటు, కొలతలు, ఫీల్డ్ అసిస్టెంటు అంటే మీకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. పైగా కూలి పని చేయించే గ్రామీణాభివృద్ధి శాఖ, ఊరూరా మనుషులున్న తపాలా శాఖ రెండూ మీ పరిధిలో ఉన్నాయి. నేను చెప్పబోయే బాధ ఆ రెండింటి నడుమ దారిలోనే ఉంది.

నేను డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్న రోజుల్లో సామాజిక తనిఖీలో వీఆర్పీగా, అంటే ఊళ్ళల్లో తిరిగి లెక్కలు సరిచూసే మనిషిగా చేరాను. ఉపాధి కూలీల ఇళ్ళల్లో చదువుకున్న పిల్లలనే ఆ పనికి తీసుకునేవారు. సొంత ఊరు కాకుండా వేరే మండలానికి పంపేవారు. ఊళ్ళో బడి వరండాలో పడుకోవడం, కూలీల ఇళ్ళల్లోనే తినడం, మస్టర్ల (హాజరు పట్టీల) జిరాక్సులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ‘నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నువ్వు చేసింది ఎన్ని?’ అని అడగడం, పని జరిగిన చోటికి వెళ్ళి టేపు పెట్టి కొలవడం, చివర్లో మండలంలో ప్రజావేదిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ పనికి 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. సామాజిక తనిఖీ జరగాలని చెప్పే 17వ సెక్షన్ చట్టంలో అన్ని రాష్ట్రాలకూ ఒకటే. దాన్ని ముందుగా ఊరూరా నడిపి చూపించింది మాత్రం మన తెలుగు గడ్డ. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

2011లో ఒక ఊళ్ళో ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమెకు చదువు రాదు. ‘ఎన్ని రోజులు చేసినావు పెద్దమ్మా?’ అంటే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సున్నం కొట్టిన గోడ మీద, పొయ్యికి ఎదురుగా, బొగ్గు గీతలు. ఆరు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అది ఒక వారం. అలాంటివి ఏడు వారాలు, పక్కన ఇంకో ఐదు గీతలు. 47 రోజులు. నా చేతిలోని మస్టర్లలో ఆమెకు రాసింది 41. ‘ఆరు దినాలు యాడికి పాయె పాపా?’ అంది. ఆ ఆరు రోజులు ఇంకొకరి పేరున ఉన్నాయి. ఆ ఇంకొకరు ఏడాదిగా బెంగుళూరులో కట్టుబడి పనిలో ఉన్నారు. ప్రజావేదికలో షామియానా కింద, అంతమంది ముందు ఆ పెద్దమ్మ లేచి నిలబడి, ‘మా ఇంటికి రాండి సారూ, గోడ చూపిస్తా’ అంది. ఫీల్డ్ అసిస్టెంటు తలొంచుకుని ఒప్పుకున్నాడు. ఆరు రోజుల కూలి ఆమె చేతికి వచ్చింది. మా నివేదికలో ప్రతి అంశానికీ చివర ఒక గడి ఉండేది, ‘బాధ్యులు’ అని. అందులో అతని హోదా, పేరు రాశాను.

మళ్ళీ అదే ఊరికి 2023లో వెళ్ళాను. పెద్దమ్మ ఇప్పుడు అవ్వ అయింది, నడుం వంగింది, అయినా పనికి పోతోంది. ‘గోడకు సిమెంటు పూసినారు పాపా, ఇప్పుడు క్యాలెండరు ఎనకాల గీస్తాండా’ అని తీసి చూపించింది. అదే పద్ధతి, ఆరు గీతలు, ఒక అడ్డగీత. ఆరు వారాలు. 36 రోజులు. మస్టర్లలో కూడా 36. ఒక్క రోజు తేడా లేదు. కొలతలు సరిపోయాయి, పే ఆర్డరు ఉంది, కంప్యూటర్లో ‘జమ అయింది’ అని ఉంది. అవ్వ పాసుబుక్కులో మాత్రం ఒక్క రూపాయి లేదు. ఎనిమిది వేల పైచిలుకు కూలి.

ఆ డబ్బు కోసం అవ్వ ఐదుసార్లు మండలానికి పోయింది. పోయిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోయింది, ఆటో చార్జీ పోయింది. ఫీల్డ్ అసిస్టెంటు ‘నేను మస్టరు సరిగ్గానే వేసినా అవ్వా’ అన్నాడు. నిజమే. కంప్యూటర్ ఆపరేటర్ ‘డబ్బు పంపినట్టే చూపిస్తాంది’ అన్నాడు. అదీ నిజమే. బ్యాంకులో ‘మా దగ్గరికి రాలేదు’ అన్నారు. అదీ నిజమే. నాలుగు నెలలకు తేలిందేమిటంటే, అంతకు మూడేళ్ళ ముందు ఊళ్ళో ఎవరో శిబిరం పెట్టి, వేలిముద్రలు వేయించుకుని, వేరే బ్యాంకులో అవ్వ పేరున ఖాతా తెరిచారు. ఆమెకు పాసుబుక్కు ఇవ్వలేదు. ఆధార్‌కు చివరిసారి కలిపిన ఖాతా అదే కాబట్టి కూలంతా అక్కడికి పోయి కూర్చుంది. అలాంటి ఖాతా ఒకటి ఉందని కూడా ఆ మనిషికి తెలియదు.

ఆ రాత్రి బడి వరండాలో నివేదిక రాస్తూ ‘బాధ్యులు’ గడి దగ్గర ఆగిపోయాను. ఎవరి పేరు రాయాలి? ఎవరూ దొంగతనం చేయలేదు. అవ్వకు మాత్రం నాలుగు నెలలు కూలి లేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మంత్రి గారూ, ఇరవై ఏళ్ళలో ఈ పథకం ఎలా నడిచిందని ఎవరైనా నన్నడిగితే ఈ రెండు సంఘటనలే చెబుతాను. మొదట్లో కూలీ సొమ్ము ఊళ్ళో పోయేది. తిన్నవాడు తెలిసేవాడు, నిలదీస్తే కక్కేవాడు. ఇప్పుడు ఊళ్ళో పోవడం చాలావరకు తగ్గింది. ఊరికీ ఢిల్లీకీ మధ్య తీగల్లో పోతోంది. అక్కడ నిలదీయడానికి మనిషి లేడు. అవినీతిని అరికట్టడానికని తెచ్చిన ఏర్పాట్లు ఒక్కొక్కటిగా జవాబు చెప్పే మనిషిని తప్పించుకుంటూ పోయాయి.

యంత్రం వద్దని నేననను. మన రాష్ట్రంలోనే 2010, 2012 మధ్య స్మార్ట్ కార్డులు తెచ్చారు. ఊళ్ళోనే ఉండే మనిషి, చాలాచోట్ల పొదుపు సంఘం మహిళ, చిన్న మిషను పట్టుకుని వచ్చి వేలిముద్ర తీసుకుని అక్కడికక్కడే కూలి ఇచ్చేది. కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లోని 157 మండలాల్లో దీన్ని పరీక్షించారు. కూలి ముందుకన్నా త్వరగా అందిందనీ, మధ్యలో పోయేది తగ్గిందనీ తేలింది. రెండు సంగతులు మరిచిపోకూడదు. ఒకటి, మిషను వెనక ఊళ్ళో ముఖమెరిగిన మనిషి ఉంది. రెండు, కార్డు లేనివాళ్ళ కూలి ఆపలేదు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు ఒక్కటే దారి అన్నప్పుడు ఈ రెండూ వదిలేశారు.

ఆ గడువు దగ్గరపడుతున్న రోజుల్లో జాబ్ కార్డుల్లో పేర్లు ఎలా రాలిపోయాయో పార్లమెంటులోనే చెప్పారు. 2022-23 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద 5 కోట్లకు పైగా పేర్లు తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు ఏడాది 6 లక్షల చిల్లర ఉంటే ఆ ఏడాది 78 లక్షలు. తెలంగాణలో 61 వేల నుంచి 17 లక్షలు దాటింది. దొంగ కార్డులు, చనిపోయినవాళ్ళు, ఊరు వదిలినవాళ్ళు ఉంటారు, కాదనను. వాటిని పట్టుకున్నదాంట్లో మా తనిఖీ పాత్రా ఉంది. కానీ ఆ జాబితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినప్పుడు, ‘పనికి ఇష్టం లేదు’ అని కారణం రాసి తీసేసిన మనుషులు ఎదురుగా నిలబడి ‘పని ఎప్పుడు పెడతారు?’ అని నన్నే అడిగారు. గ్రామసభ పెట్టి చదివి వినిపించాకే పేరు తీయాలి. నేను తిరిగిన ఊళ్ళల్లో అలా చదివిన గ్రామసభ గురించి ఎవరూ చెప్పలేదు.

ఇక ఫొటోల సంగతి. 2023 జనవరి నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, ప్రతి పని దగ్గరా రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కించాలి. మధ్యలో గంటల ఎడం ఉండాలి. మీరు వైద్యులు. మీ గుంటూరుకు ఆవల ఉన్న రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేను చెప్పాలా? మా వైపు కూలీలు ఎండాకాలంలో ఐదున్నరకే దిగి పదింటికల్లా కొలత పూర్తిచేస్తారు. తర్వాత ఇంటికి పోయి నీడన పడుకోవచ్చు. ఇప్పుడు కొలత అయిపోయినా రెండో ఫొటో కోసం కంపచెట్టు కింద కాచుకోవాలి, లేదంటే ఇంటికి పోయి మిట్టమధ్యాహ్నం మళ్ళీ నడిచి రావాలి. నెట్‌వర్కు రాకపోతే మేటు ఫోను పట్టుకుని గుట్ట ఎక్కుతుంది. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు పడదు. కందకం తవ్వి ఉంటుంది, మట్టి పక్కన పోసి ఉంటుంది, కళ్ళకు కనిపిస్తుంది. హాజరు మాత్రం ఉండదు.

ఇంత చేసీ మోసం ఆగిందా అంటే, ఆగలేదని మీ శాఖే 2025 జులైలో రాష్ట్రాలకు రాసింది. ఫొటోను మళ్ళీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారనీ, పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారనీ, కనిపించే మనుషులకూ రాసిన సంఖ్యకూ పొంతన లేదనీ ఆ ఉత్తర్వులోనే ఉంది. దానికి విరుగుడుగా ప్రతి ఫొటోనూ పంచాయతీలో మనిషి కూర్చుని చూడాలన్నారు. చివరికి మళ్ళీ మనిషి దగ్గరికే వచ్చాం. ఆ మనిషి ఫోను తెరకు బదులు పని చోటును చూస్తే చాలు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఎండ గురించి ఇంకో మాట. ఇదివరకు మన రెండు రాష్ట్రాల్లో వేసవి భత్యం ఉండేది. నేల గట్టిపడి గడ్డపార దిగదు కాబట్టి, తక్కువ తవ్వినా కూలి తగ్గకుండా నెలను బట్టి 20 నుంచి 30 శాతం కలిపేవారు. రాష్ట్రాల సొంత సాఫ్ట్‌వేర్ పోయి ఢిల్లీ సాఫ్ట్‌వేర్ వచ్చాక అది పోయింది. ప్రభుత్వం ప్రకటించిన రోజు కూలి 2024-25లో 300 రూపాయలు, 2025-26లో 307. అది రేటు. చేతికి వచ్చేది కొలతను బట్టి. వయసు మళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళు జోడీగా మే నెల గట్టి నేలలో తవ్వితే ఆ 307 ఎన్నడూ చూడరు.

ఇవన్నీ చెప్పి పథకం పనికిరాదని నేనంటున్నానని మాత్రం అనుకోకండి. మా అమ్మ జీవితంలో మగవాళ్ళతో సమానంగా కూలి తీసుకున్న మొదటి పని ఇదే. దేశం మొత్తం మీద ఈ పనిదినాల్లో సగానికి మించి ఆడవాళ్ళవే. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బెంగుళూరు నుంచి నడిచొచ్చిన మా ఊరి పిల్లలు పదిహేను రోజులు బడిలో క్వారంటైన్‌లో ఉండి, పదహారో రోజు చెరువు పూడిక పనికి దిగారు. ఆ ఏడాది దేశంలో ఏడున్నర కోట్ల కుటుంబాలు ఈ పని చేశాయి, 389 కోట్ల పనిదినాలు, లక్షా 11 వేల కోట్లకు పైగా ఖర్చు. ఆ పని లేకుంటే ఆ ఏడాది మా ఊళ్ళో ఎన్ని పొయ్యిలు వెలిగేవో చెప్పలేను. ఊటకుంటలు, నీటి గుంటలు, బీడు మెట్టల్లో నాటిన మామిడి చెట్లు ఇవాళ కళ్ళ ముందున్నాయి. జేసీబీతో రాత్రికి రాత్రి తవ్వి కూలీల పేర్లు రాసుకున్న గుంటలూ ఉన్నాయి, దాచను.

రైతుల మాట కూడా వినాలి. మా మేనమామకు ఐదెకరాల వేరుశనగ. ‘మీ కరువు పని వచ్చినాక కలుపుకు మనిషి దొరకడంలా’ అని ఎన్నిసార్లు నాతో గొడవపడ్డాడో. ఆయన బాధ అబద్ధం కాదు, గిట్టుబాటు ధర లేని పంటకు కూలి పెరిగితే ఎవరు మోస్తారు? కానీ ఇందాక చెప్పిన ఆర్థికవేత్తలే ఇంకో సంగతి కూడా గమనించారు. మన రాష్ట్రంలో ఉపాధి పని బాగా నడిచిన మండలాల్లో పేదల ఆదాయం పెరిగింది. ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ఈ పథకం కూలి కానే కాదు, బయటి పనుల్లో కూలి పెరగడం వల్ల వచ్చింది. బయట పనిదినాలు కూడా తగ్గలేదు. అంటే ఈ పథకానికి ఒక్కరోజు కూడా వెళ్ళని కూలీకి సైతం దీనివల్ల బేరమాడే బలం వచ్చింది. మా అమ్మ దీన్ని ఒక్క మాటలో చెప్పేది: ‘ఇప్పుడు రెడ్డోరింట్లో కూలి ఎంతో ముందే అడుగుతాండాం.’

అందుకే కొత్త చట్టంలో విత్తనం, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల వరకు పని ఆపొచ్చని చదివినప్పుడు నాకు భయం వేసింది. వాన మీద ఆధారపడే మా జిల్లాలో విత్తనం ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. జూన్ అని రాసిపెట్టుకుంటే వాన ఆగస్టులో వస్తుంది. కాగితం మీద విత్తనాల కాలం, చేలో దుమ్ము, అటు పొలం పనీ లేదు ఇటు కరువు పనీ లేదు. ఆ రెండు నెలలు కూలీ ఏం తినాలి? ఈ తేదీలు ప్రకటించే ముందు ఆ ఏడు పడిన వానను చూడాలనీ, మండలం లెక్కన నిర్ణయించాలనీ నియమాల్లో రాయించండి.

రోజులు 100 నుంచి 125కు పెరిగాయి, సంతోషం. అయితే 100 రోజుల హామీ ఉన్న కాలంలోనే ఒక్కో కుటుంబానికి దేశం మొత్తం మీద సగటున దక్కింది 50 రోజుల దగ్గర. 50కీ 100కూ మధ్య ఏమైందో ముందు చూడాలి. పని అడిగితే తేదీ వేసి రసీదు ఇవ్వాలని చట్టం చెప్పింది. నా తనిఖీల్లో వేల ఇళ్ళు తిరిగాను, రసీదు చూపించినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ‘వచ్చే సోమవారం చూద్దాం’ అన్న మాటే రసీదు. రసీదు లేదు కాబట్టి పని అడిగినట్టు సాక్ష్యం లేదు. సాక్ష్యం లేదు కాబట్టి నిరుద్యోగ భృతి లేదు. ఇన్నేళ్ళలో భృతి అందుకున్న మనిషిని నేను ఒక్కరినీ కలవలేదు.

డబ్బు సంగతీ అంతే. 2024-25 బడ్జెట్లో దీనికి 86 వేల కోట్లు, మరుసటి ఏడాదీ అంతే 86 వేల కోట్లు. పాత బకాయిలు తీర్చడానికే అందులో కొంత పోతుంది. జనవరి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. మా దగ్గర పొలం పనులు అయిపోయి జనం కరువు పని కోసం చూసేది సరిగ్గా అప్పుడే. ఇంతకాలం కూలి మొత్తం కేంద్రమే భరించింది. కొత్త చట్టంలో నూటికి 40 మనలాంటి రాష్ట్రం పెట్టుకోవాలి. జీతాలకే నెలనెలా తడుముకునే రాష్ట్రాలు తమ వాటా ఆపితే అవ్వ కూలి ఎవరి దగ్గర ఆగినట్టు? పశ్చిమ బెంగాల్‌లో 2022 మార్చి నుంచి నిధులు ఆపేస్తే, తిరిగి మొదలుపెట్టమని కోర్టు చెప్పాల్సి వచ్చింది. అక్కడ జరిగిన అక్రమాలకు శిక్ష మస్టర్లో నిజాయితీగా వేలిముద్ర వేసిన కూలీ మీదే పడింది. ప్రభుత్వాల తగవులో కూలి ఇరుక్కోకూడదు.

ఆలస్యానికి పరిహారం అని ఒకటి ఉంది. 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం. లెక్కగట్టి చూడండి. ఒక వారం కూలి 1,800 రూపాయలు ఆగితే రోజుకు 90 పైసలు. నెలకు 27 రూపాయలు. అదే 1,800 కోసం మా ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుంటే నెలకు 54. సరే, ఆ 27 అయినా వస్తుందా అంటే, మండలంలో పే ఆర్డరు తయారయ్యే వరకు జరిగిన ఆలస్యాన్నే లెక్కలోకి తీసుకుంటూ వచ్చారు. అక్కడి నుంచి ఢిల్లీ దాటి ఖాతాలో పడేదాకా ఎన్ని వారాలు పట్టినా అది ఆలస్యమే కాదన్నట్టు. 2018లో సుప్రీంకోర్టు స్వరాజ్ అభియాన్ కేసులో, ఆ రెండో అంచె ఆలస్యానికి కేంద్రం బాధ్యత వహించాల్సిందేనని చెప్పింది. తీర్పు వచ్చి ఏళ్ళయింది. నా తనిఖీల్లో పరిహారం అందిన కూలీ ఎవరూ తగల్లేదు.

మిమ్మల్ని నేను అడగదలచింది చాలా చిన్నది. కొత్త యాప్ అడగడం లేదు, కొత్త కార్డు అడగడం లేదు. కొత్త చట్టం కూడా బయోమెట్రిక్, కృత్రిమ మేధ అంటోంది. ఉండనివ్వండి. మండలానికి ఒక అధికారిని, పోస్టాఫీసుకు ఒక మనిషిని చట్టప్రకారం ‘కూలి చేతికి చేరేదాకా బాధ్యత నాది’ అని సంతకం పెట్టేలా చేయండి. డబ్బు దారి తప్పితే వెతకాల్సింది వాళ్ళు, ఆటోలో తిరగాల్సింది అవ్వ కాదు. ఊరూరా బ్రాంచి పోస్టుమాస్టర్ ఇప్పటికే ఉన్నారు. ఆ ఊరి కూలీలందరి ముఖాలూ ఆయనకు తెలుసు. ఆ మనిషికి డబ్బు ఎక్కడ ఆగిందో చూసే వీలు, ఖాతా సరిచేయించే అధికారం ఇవ్వడానికి రెండు శాఖల మధ్య ఒక్క ఉత్తర్వు చాలు. ఆ రెండు శాఖల్లోనూ మీరు కూర్చుని ఉన్నారు.

సామాజిక తనిఖీకి ఇప్పుడు పంచాయతీ గడప దాటే హక్కు లేదు. మస్టరు చూడొచ్చు, కొలత చూడొచ్చు. డబ్బు ఖజానా నుంచి బయల్దేరి ఖాతాలో పడేదాకా ఎక్కడెక్కడ ఎన్ని రోజులు ఆగిందో అడగలేం. బ్యాంకు వాళ్ళను ప్రజావేదికకు పిలవలేం. ఆ దారి మొత్తాన్ని తనిఖీ కిందికి తీసుకురండి. ఇంకోటి, పరిహారం కూలి ఖాతాలో పడిన తేదీ వరకు లెక్కగట్టి, ఎవరూ అడక్కుండానే కూలితో కలిపి పడాలి. పేరు తీసేముందు గ్రామసభలో చదవాలి, ఆ మనిషి ఎదురుగా చదవాలి. ఏప్రిల్, మే నెలల్లో రెండో ఫొటో తీసేయండి.

అవ్వ కూలి చివరికి దొరికింది. ఆ బ్యాంకులో పనిచేసే ఒక కుర్రాడు తన పని కాకపోయినా జాలిపడి రెండు రోజులు వెతికి పెట్టాడు. అతని దయ వల్ల దొరికింది, హక్కు వల్ల దొరకలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ దయ దగ్గరికే వచ్చామంటే మనసు ఒప్పుకోవడం లేదు.

అవ్వ ఇంకా పనికి పోతోంది. క్యాలెండరు వెనక గీతలు గీస్తూనే ఉంది. 2023 నాటి ఆ నివేదిక కాపీ నా దగ్గరే ఉంది. అంశం రాసి ఉంది, మొత్తం రాసి ఉంది, తేదీ ఉంది. ‘బాధ్యులు’ అన్న గడి ఖాళీగానే ఉంది. కొత్త చట్టానికి నియమాలు రాసేది మీ శాఖే. ఆ గడిలో నేను రాయడానికి ఒక హోదా, ఒక పేరు ఇవ్వండి.

ఇట్లు
సామాజిక తనిఖీలో పనిచేసిన ఒక ఉపాధి కూలీ కూతురు
అనంతపురం జిల్లా